స్వాదిల్లాకి రెండు కళ్ళు

మార్చి 4

వెర్నోల్ చేరాను. గది బాగుంది, కిటికీ తూర్పుకి ఉంది. ఇంటావిడ మదాం పెరిన్‌కి ఎనభై దాటాయి. నన్ను అమ్మాయి అని పిలుస్తోంది. నాకు యాభై ఏడండీ అంటే, "అయితే ఏం, నాకు అమ్మాయివే" అంది. ఆవిడకి ఆరు కోళ్ళున్నాయి, ఒక చెవి పనిచెయ్యదు, ఊళ్ళో అందరి సంగతీ తెలుసు.

కారెందుకు తేలేదని బెర్త్రాన్ అడిగాడు. బాగుకిచ్చానన్నాను. బస్సులో రావడం హాయిగానే ఉంది. ఎటు చూసినా ఆవులే.

మార్చి 5

పొద్దున్న పచ్చికబయలు చూడ్డానికి వెళ్ళాం. బెర్త్రాన్ ముందు, నేను వెనక. ఇరవై రెండేళ్ళుగా ఇంతే. అతను తవ్విస్తాడు, దొరికినవాటికి నేను బొమ్మలు గీస్తాను. ఇది రోమన్లు మా దేశాన్ని (అప్పుడు గాల్ అనేవాళ్ళు) ఏలిన రోజుల్లో ఇక్కడివాళ్ళు కట్టుకున్న గుడి. నలుచదరంగా గోడల పునాదులు, చుట్టూ నడవా, కిందికి దిగితే ఊట, ఊట చుట్టూ ఓక్ చెక్కలతో కట్టిన తొట్టి. చెక్కలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. నీళ్ళు ఇప్పటికీ వస్తున్నాయి.

"అక్టోబరుదాకే టైమిచ్చారు," అన్నాడు బెర్త్రాన్. "ఆ తర్వాత కొత్త రోడ్డు సరిగ్గా దీని మీంచే."

"నువ్వేమీ అనలేదా?"

"ఏమంటాను? ఇలాంటి ఊటలు చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి, దీంట్లో ఏముంది ప్రత్యేకం అంటారు."

మెట్టు దిగబోయి తూలాను. బురద.

మార్చి 9

కళ్ళు దొరికాయి. తొట్టి అడుగు బురదలో ఒకదాని మీద ఒకటి పేరుకుని, బిస్కెట్ల డబ్బా మూతంత పల్చటి కంచు రేకులు. ఒక్కో దాని మీద రెండేసి కళ్ళు. కొన్నిటికి రెప్పవెంట్రుకలు కూడా చెక్కారు. చూపు పాడైనవాళ్ళు ఇక్కడికొచ్చి, ఇవి నీళ్ళలో వేసి, మొక్కుకుని వెళ్ళేవాళ్ళు. సాయంత్రానికి పద్దెనిమిది జతలు లెక్క తేలాయి.

ఇలాంటివి ఇంతకుముందు వేరే చోట్ల గీశాను. ఇవి ఎక్కువ అంతే.

మార్చి 10

సన్న పెన్నులు అయిపోయాయి. కొట్లో లావువే ఉన్నాయట. ఇక దీంతోనే రాయాలి.

మార్చి 17

ఈ ఇల్లు పాతది. తలుపు చట్రం మధ్యలో వంగిపోయింది. మదాం పెరిన్‌తో అంటే మొహం చిట్లించుకుంది. "వంగడమా? మా ఆయన తూకం గుండు వేలాడదీసి మరీ బిగించాడు దాన్ని. నలభై ఏళ్ళయింది, వెంట్రుకవాసి కదల్లేదు."

ఆవిడకి ఆయన మీద ఇంకా అంత నమ్మకం.

మార్చి 26

ఇవాళ రాసుకోవాల్సినంత ఉంది.

పొద్దున్న అరచెయ్యంత రేకు ఒకటి వచ్చింది. పైన రెండు కళ్ళు, కింద లాటిన్ అక్షరాలు. సన్న మొనతో చుక్కచుక్కగా కొట్టిన అక్షరాలు. ఈ తవ్వకంలో రాత దొరకడం ఇదే మొదలు. అంచులు రాలిపోతున్నాయి. తడి ఆరకుండా రేపే దిజోన్‌లో ప్రయోగశాలకి పంపెయ్యాలి, అక్కడ ఎప్పటికి శుభ్రం చేస్తారో తెలీదు. ఫోటోలో పచ్చటి తుప్పు తప్ప ఏమీ పడలేదు. "నీ బొమ్మే గతి," అన్నాడు బెర్త్రాన్.

మేం సామాన్లు పెట్టుకున్నది పాత పాలకేంద్రంలో. తలుపు మూసుకుని మధ్యాహ్నమంతా దీపం అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. రెండో పదం స్వాదిల్లా. అది లోతుగా కొట్టారు. మొదటి పదంలో చివరి రెండక్షరాలున్నాయి. వాటి ముందు తుప్పు. గుళ్ళో దొరికిన రేకు మీద ఆ రెండక్షరాలతో ముగిసే పదం ఇంకేముంటుంది? దేయే, అంటే 'దేవతకి.' దేవత స్వాదిల్లాకి.

అలా అనుకుని మళ్ళీ చూస్తే ముందున్న అక్షరాలు కూడా కనిపించాయి.

చూసింది నిండు గీత, ఊహించింది చుక్కల గీత. ముప్పై ఏళ్ళుగా కొత్తవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠం. నిండు గీతలే గీశాను. కనిపించాయి కాబట్టే గీశాను.

ఏప్రిల్ 2

శాసనాలు చదివే మనిషి వచ్చింది. పేరు క్లెమాన్స్, లియోన్ విశ్వవిద్యాలయం, ముప్పై అయిదు లోపే. వేసవంతా ఇక్కడే ఉంటుందట. కోటు కూడా విప్పకుండా నా బొమ్మ ముందు కూర్చుంది.

"ఈ పేరుతో దేవత ఇంతవరకూ ఎక్కడా లేదు," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మొదటి పదంలో ఈ అక్షరాలు మీరు చూశారు కదా? ఫోటోలో నాకేమీ కనబడటం లేదు."

"ఫోటోకి ఒకటే చూపు. నేను దీపం చుట్టూ తిప్పి చూస్తాను."

"చూశారన్నమాట."

"చూశాను."

"అయితే సరే. మీ బొమ్మలు ముందు పెట్టుకునే నేను చదువుకున్నాను."

ఆ మాట ఆమె అనకుండా ఉండాల్సింది.

ఏప్రిల్ 15

పేపర్లో వేశారు. 'వెర్నోల్‌లో తెలియని దేవత.' రొట్టెల కొట్టు గోత్రో కళ్ళ ఆకారంలో తియ్యరొట్టె చేసి స్వాదిల్లా అని పేరు పెట్టాడు, పదింటికల్లా అయిపోతోంది. మేయరు రెండుసార్లు బయలుకి వచ్చి బూట్లు పాడు చేసుకున్నాడు. రోడ్డు సంగతి మళ్ళీ ఆలోచిస్తామని జిల్లా నుంచి ఉత్తరం వచ్చింది. బెర్త్రాన్ అది చదువుతూ నా భుజం పట్టుకుని ఊపేశాడు.

మదాం పెరిన్ గుడ్లు ఏరుకొస్తూ, "మా ఊరికి సొంత దేవతుందట, పక్కూరివాళ్ళు కుళ్ళి చస్తున్నారు" అంది. ఆవిడ ఆదివారం చర్చి మానదు. అయినా ఆనందంగానే ఉంది.

ఏప్రిల్ 22

ఇవాళ వెలుతురు బాగాలేదు.

ఏప్రిల్ 23

ఇవాళా బాగాలేదు. మదాం పెరిన్ దుప్పట్లన్నీ ఎండలో ఆరేసింది.

మే 6

క్లెమాన్స్ ఒక రేకూ దాని బొమ్మా పక్కపక్కన పెట్టి పిలిచింది. "ఇక్కడ కుడికంటికి కనుపాప గుండ్రం ఉంది. బొమ్మలో లేదు."

"అది గీత కాదు, గోకుడు."

"గోకుడు ఇంత గుండ్రంగా ఉంటుందా?"

"మీరు ఎన్నేళ్ళుగా రేకులు చూస్తున్నారు?" అన్నాను. ఎర్రబడింది. బొమ్మ తీసుకుని బయటికొచ్చేశాను. తర్వాత వేలితో తడిమి చూశాను. గుండ్రమే. దిద్దాను.

దీపం మార్చమని బెర్త్రాన్‌తో చెప్పాలి.

మే 13

దిజోన్ వెళ్ళొచ్చాను. చెప్పులు కొన్నాను.

మే 14

చెప్పులు కొనలేదు.

డాక్టరు చిన్నది, మర్యాదగా మాట్లాడింది. గళ్ళ కాగితం చూపించి ఏం కనిపిస్తోందంది. గళ్ళు మధ్యలో వంకరగా ఉన్నాయి, ఒకచోట అసలు లేవు అన్నాను. ఎడమకన్ను నడిమి చూపు పోయింది. కుడికన్నుకి మొదలైంది. అంచుల చూపు ఉంటుంది, నడవగలను, చదవడం గీయడం కష్టం. ఎన్నాళ్ళు అని అడిగితే, "ఎన్నాళ్ళయింది అని నేను మిమ్మల్ని అడగాలి" అంది.

రెండేళ్ళు. ఎవరికీ చెప్పలేదు. కారు అమ్మేశాను.

అమ్మకి వచ్చిందే. అమ్మ చివర్లో మమ్మల్ని అడుగుల చప్పుడుతో గుర్తుపట్టేది. అడుగులు మార్చి నడిచి ఏడిపించేవాళ్ళం. ఎంత నవ్వేదో.

మే 20

టేపు మర్చిపోయి పాలకేంద్రానికి వెనక్కి వెళ్ళాను. నా బల్ల దగ్గర క్లెమాన్స్ ఉంది. భూతద్దం, నా బొమ్మలు, రబ్బరు. నన్ను చూసి లేవలేదు, దాచలేదు.

"ఎన్నాళ్ళుగా?" అన్నాను.

"నెలయింది."

"ఎన్ని దిద్దారు?"

"పదకొండు."

"నాతో ఎందుకనలేదు?"

"ఒకసారి అన్నాను కదా." రబ్బరు కింద పెట్టింది. "మళ్ళీ అంటే మీరు సామాను సర్దుకుని వెళ్ళిపోతారేమో అనుకున్నాను."

కూర్చున్నాను. నా పెన్నులు వరసగా పెట్టింది, నేను పెట్టేలాగే. తలెత్తకుండా అంది, "అన్ని రేకులూ ఇక్కడున్నాయి, చూసి దిద్దగలను. ఆ రాతది మాత్రం దిజోన్‌లో ఉంది. అదొక్కటీ మీ మాట మీద ఉంది."

నేను చెప్పాల్సిన చోటు అదే. టేపు తీసుకుని వచ్చేశాను.

మే 22

దిజోన్‌లో ఆ రేకుకి ఎలాగూ ఎక్స్‌రే తీస్తారు. సెప్టెంబరులో అన్నీ తెలుస్తాయి. మధ్యలో నేను చెప్పడం వల్ల ఎవరికీ ఒరిగేదేం లేదు. నేను గీసింది ఒప్పే కావచ్చు కూడా.

మే 27

జూన్ పన్నెండున రోడ్డు మీటింగు, పద్దెనిమిదిన లియోన్‌లో క్లెమాన్స్ ప్రసంగం. ఒప్పే కావచ్చు.

మే 30

చూడలేదు. ఆ అక్షరాలు నేను చూడలేదు. రాసి చూసుకుంటే ఎలా ఉంటుందో అని రాశాను. ఇంతే, పెద్దగా ఏమీ లేదు.

జూన్ 3

బెర్త్రాన్‌కి చెప్పాను. గట్టు మీద కూర్చుని బూట్ల మట్టి పుల్లతో గీక్కుంటున్నాడు. కళ్ళ సంగతి ముందు చెప్పాను, అక్షరాల సంగతి తర్వాత. చాలాసేపు మట్టి గీకుతూనే ఉన్నాడు.

"తప్పని తెలుసా నీకు?"

"తప్పో ఒప్పో తెలీదు. చూడలేదని తెలుసు."

"మరి ఒప్పయితే?"

"అయినా చూడలేదు కదా."

"ఒడిల్, ఆ దేవత లేకపోతే ఇది ఇంకో ఊట. తారు పోసేస్తారు. తొమ్మిది రోజులు నోరు మూసుకోమంటున్నాను నిన్ను, అంతే. ఆ తర్వాత నేనే చెప్తాను."

చెడ్డవాడు కాదు. మా అమ్మ పోయినప్పుడు మంచులో మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. లేవబోతూ నా చెయ్యి పట్టుకుని, "రెండేళ్ళా? నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. నువ్వు ఇంకొకళ్ళని పెట్టుకుంటావని భయపడ్డాను అనొచ్చు. అనలేదు.

జూన్ 5

క్లెమాన్స్‌కి చెప్పాను. తొమ్మిది రోజులు ఆగలేకపోయాను. ఆమె ప్రసంగం రాసుకుంటోంది, కాగితాలు బల్లంతా పరుచుకుని ఉన్నాయి.

అంతా విని, కాగితాలన్నీ ఒకచోట చేర్చి, అంచులు సరిచేసింది.

"నేను అడిగాను," అంది. "వచ్చిన రోజే అడిగాను."

"అడిగారు."

"కళ్ళు కనబడక తప్పు గీయడం వేరు. అది నాకు అర్థమవుతుంది, దిద్దుతూనే ఉన్నాను. కానీ ఎదురుగా కూర్చుని అడిగితే చూశాను అన్నారు."

"అన్నాను."

"ఎందుకు?"

"మీరు నా బొమ్మలతో చదువుకున్నారన్నారుగా." వరసలో అది అబద్ధం. ఆ మాట ఆమె తర్వాత అంది, నేను చూశాననడం ముందే అయిపోయింది. ఇప్పుడు వెనక్కి తిప్పి చదివి చూసుకున్నాను.

ఆమె సాయంత్రం బస్సుకి లియోన్ వెళ్ళిపోయింది. వీడ్కోలు చెప్పలేదు.

జూన్ 12

మేయరాఫీసు హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక కిటికీల మీద కూడా కూర్చున్నారు. జిల్లా నుంచి ఇద్దరు వచ్చారు, మెడలో కార్డులు. బెర్త్రాన్ పటం గోడకి వేసి గుడి గురించి మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. రాత ఉన్న రేకు దాకా వచ్చి, గ్లాసు తీసుకుని నీళ్ళు తాగి, నా వైపు చూశాడు. అతని మొహం కనిపించలేదు, తల ఇటు తిప్పడం తెలిసింది. వద్దంటున్నాడో, కానియ్యమంటున్నాడో తెలీలేదు.

లేచాను. నేను బొమ్మలు గీసేదాన్ని, నా చూపు పోతోంది, ఆ రేకు మీద మొదటి పదం నేను చూడకుండా గీశాను అని చెప్పాను. మూడు ముక్కల్లో అయిపోయింది. ఇంకా ఎక్కువ పడుతుందనుకున్నాను.

వెనక నుంచి ఎవరో, "అంటే దేవత లేదా?" అన్నారు.

"ఉందో లేదో తెలీదు. ఉందని నేను రాశాను."

"మరి మా రొట్టెకి పేరేం పెట్టుకోను?" అన్నాడు గోత్రో. అందరూ నవ్వారు. అతను నవ్వించడానికి అనలేదనుకుంటా. జిల్లావాళ్ళలో ఒకాయన ఏదో రాసుకున్నాడు. అప్పుడు బెర్త్రాన్, "ఆ బొమ్మ కింద సంతకం నాది. ఆ రోజు నేను దీపం దగ్గరికి వెళ్ళి ఒక్కసారి చూడలేదు. చూడక్కర్లేదనుకున్నాను" అన్నాడు. తర్వాత వెళ్ళి కూర్చోలేదు. నా పక్కనే నిలబడ్డాడు, మీటింగు అయ్యేదాకా.

ఇంటికొచ్చేటప్పుడు మదాం పెరిన్ గేటు దగ్గర ఆగి అంది, "మా ఆయన బిగించిన తలుపు వంగిందన్నావే, అప్పుడే అనుకున్నాను. నీతో ఎలా అనాలో తెలీలేదు అమ్మాయ్."

కుందేలు మాంసం ఆవపిండితో వండింది. ఇద్దరం ముక్క మిగల్చకుండా తిన్నాం.

జూన్ 18

లియోన్‌లో ఇవాళ ఆమె ప్రసంగం ఉండాల్సింది. విరమించుకుందట. బెర్త్రాన్ చెప్పాడు.

జూన్ 30

గీయడం మానేశాను. కొత్త మనిషి వచ్చేదాకా రేకులు కడుగుతున్నాను. మెత్తటి కుంచె, చల్లనీళ్ళు, నెమ్మది. నలభై ఒకటో జత ఇవాళ కడిగాను. ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది, తొందరలో చేసినట్టుంది.

జూలై 9

ఉత్తరం వచ్చింది. రోడ్డు పద్దెనిమిది మీటర్లు పక్కకి జరుపుతారు. ఊటా తొట్టీ మిగులుతాయి, పైన గుడి గోడలు రోడ్డు కిందికి పోతాయి. దేవత ఊసే లేదు అందులో, నలభై ఒక్క జతల కళ్ళ మాటే ఉంది. దేవత ఉండి ఉంటే గోడలు కూడా మిగిలేవేమో. బెర్త్రాన్ ఆ మాట అనలేదు. నేనే అడిగాను. "ఏమో," అన్నాడు. "తెలిసే దారి లేదు. భోజనానికి పద."

ఆ గోడల దగ్గర ఇవాళ చాలాసేపు ఉన్నాను. మోకాలి ఎత్తు కూడా లేవు. నావల్లే పోతున్నాయని అనుకోకుండా ఉండటం రావట్లేదు.

ఆగస్టు 21

ఊళ్ళో కొందరు పలకరించడం మానేశారు. కొందరు నా కళ్ళెలా ఉన్నాయని అడుగుతున్నారు. రెండోవాళ్ళే కష్టం.

సెప్టెంబరు 16

మధ్యాహ్నం రేకులు ఆరబెడుతుంటే తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. అడుగులు పోల్చుకోలేదు.

"నేను, క్లెమాన్స్," అంది. "దిజోన్ నుంచి వస్తున్నాను. ఎక్స్‌రే చూశాను."

కుంచె కింద పెట్టాను.

"దేవత కాదు," అంది. "మీరు గీసిన చివరి రెండక్షరాలు సరైనవే. ముందున్నవి వేరు. పదం అవియే."

నాకు లాటిన్ అంతంతమాత్రం. అదేంటన్నాను.

"అవ్వకి. అమ్మమ్మో నాయనమ్మో ఆ మాట చెప్పదు. అవ్వ స్వాదిల్లాకి. ఎవరో మనవడో మనవరాలో తెచ్చి వేశారు. స్వాదిల్లా అంటే గాల్ భాషలో తియ్యనిది అని."

పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. మొక్కు తీరింది అని రాసుకునే మాట ఒకటుంటుందట, ఇలాంటి వాటి మీద మామూలుగా ఉంటుందట. ఇందులో అది లేదు. అంటే నయమయ్యాక తెచ్చింది కాదు. అడగడానికి తెచ్చింది.

"తర్వాత ఏమైంది ఆవిడకి?" అని అడిగాను, తెలీదని తెలిసి కూడా.

"రాయలేదు."

బయట ట్రాక్టరు ఏదో పోతోంది. తర్వాత ఆమె అంది, "నాకింకా కోపం పోలేదు. కానీ బొమ్మ మళ్ళీ గీయాలి, దీపం ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు. నేర్పిస్తావా?"

నువ్వు అంది. ఆమె గమనించిందో లేదో.

సెప్టెంబరు 24

దిజోన్. వారం రోజులుగా ప్రయోగశాలలో ఇద్దరం. ఆమె గీస్తుంది, నేను పక్కన కూర్చుంటాను. "ఏం కనిపిస్తోంది?" అంటాను. "ఒక నిలువు గీత, బహుశా..." అంటుంది. "బహుశా వద్దు. దీపం ఎడమకి దించు, మళ్ళీ చూసి చెప్పు." విసుక్కుంటుంది, దించుతుంది. చెయ్యి మంచిది. ఓపిక తక్కువ.

అక్టోబరు 7

చివరిరోజు. పొద్దుటినుంచి పెద్ద యంత్రాలు గోడల మీద మట్టి పోశాయి. బెర్త్రాన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని చూశాడు, తర్వాత కూలీలందరికీ ద్రాక్షసారా పోశాడు. నేనూ క్లెమాన్స్ ఊట దాకా దిగాం. దారంతా యంత్రాల చక్రాల గుంతలు. మోచెయ్యి పట్టుకోమంది, పట్టుకున్నాను. కింద ఆమెకి ఫోనొస్తే మాట్లాడ్డానికి గట్టు మీదికెక్కింది. నేను తొట్టి చెక్క మీద కూర్చున్నాను.

సాయంత్రం మదాం పెరిన్ ఉల్లికాడలు తరుగుతూ అడిగింది, "చాలాసేపు ఊట దగ్గరున్నావట. కళ్ళు కడుక్కున్నావా?"

"లేదండీ. అలాంటివి నమ్మను."

"నేనూ నమ్మను," అంది ఆవిడ.

ఇక్కడ రాసుకుంటున్నాను. కడుక్కున్నాను. ఎడమకంటికి ఒక దోసిలి, కుడికంటికి ఒక దోసిలి. నీళ్ళు నుదురు నొప్పెట్టేంత చల్లగా ఉన్నాయి. తుడుచుకుని తలెత్తితే గట్టు మీద క్లెమాన్స్ నిలబడి ఉంది. మొహం ఉండాల్సిన చోట మసక అలాగే ఉంది. చెయ్యి ఊపుతోంది, అది పక్కనుంచి కనిపించింది. నేనూ ఊపాను.